లచ్చన్న చెవి, నా నోరు

ఖమరుద్దీన్‌తో లచ్చన్న పెట్టుకున్న గొడవ నా కళ్ళెదుటే జరిగింది. గెలిచింది లచ్చన్న. ముందు అది చెబుతాను. ఆ మనిషి గురించి చెప్పేటప్పుడు నేను తలెత్తుకుని చెప్పగలిగేది అదొక్కటే.

మస్కట్ నుంచి రుస్తాఖ్ దాటి కొండల వైపు పోతే మా బాబాకు ఒక షూటింగ్ క్లబ్బు ఉంది. బాబా అంటే నేను వంట చేసే ఇంటి యజమాని. ఇక్కడి ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళం అట్లాగే పిలుస్తాం. లైసెన్సులున్న వాళ్ళు వచ్చి, కాగితం మీద గీసిన గురిని కొట్టి, మార్కులు చూసుకుని, కహ్వా, అంటే ఇక్కడి కాఫీ, తాగి పోతారు. ఆ కహ్వా కాచేది నేను. ఇంటికీ క్లబ్బుకూ మధ్య ఒక గోడ, గోడకొక చిన్న గేటు. కాల్పులు నడుస్తున్నంతసేపు స్తంభం మీద ఎర్రజెండా ఉంటుంది. అది దిగాకే నేను ఫ్లాస్కూ ఖర్జూరాల డబ్బా పట్టుకుని గేటు దాటుతాను.

పదకొండేళ్ళ కిందట ఒకరోజు అట్లా గేటు దాటేసరికి వర్క్‌షాప్ ముందర ఇద్దరూ నిలబడి వాదులాడుకుంటున్నారు. ఖమరుద్దీన్ హైదరాబాదు మనిషి, తుపాకులు బాగుచేసే ఉస్తాద్. లచ్చన్నది జగిత్యాల వైపు పల్లె. క్లబ్బు గోడ కట్టడానికి కంపెనీ తరఫున వచ్చి, గోడ అయిపోయాక గురి కాగితాలు అంటించే పనికి ఇక్కడే ఉండిపోయాడు. ఆ వేళ కూడా చేతిలో బంక డబ్బా ఉంది.

ఎవరో పెద్దమనిషి తుపాకీ కాల్చినప్పుడల్లా చెవి దగ్గర ఝుంయ్‌మంటోందని ఇచ్చిపోయాడట. ఖమరుద్దీన్ ముందు భాగంలోని స్క్రూలన్నీ బిగించి, అయిపోయింది పో అన్నాడట.

"మోత ముందల లేదు ఉస్తాద్. ఎనుక బట్‌ల ఉంది. లోపట స్ప్రింగు గొట్టానికి రాసుకుంటుంది" అన్నాడు లచ్చన్న.

"నువ్వు సిమెంట్ కలుపుకో పోరా. పదిహేనేళ్ళ నుంచి తుపాకులు పట్టుకుంటున్నా నేను."

"నువ్వు పట్టినవ్. నేను ఇన్న."

ఖమరుద్దీన్‌కు ఆ మాట గుచ్చుకుంది. ఖాళీ తుపాకులు మూడు బల్ల మీద పరిచాడు. లచ్చన్నను గోడ వైపు తిరిగి నిలబడమన్నాడు. ఒక్కొక్కదాని పిడి లాగి వదులుతాను, ఏది ఏదో చెప్పు, తప్పు చెబితే మళ్ళీ వర్క్‌షాప్ గడప తొక్కకు అన్నాడు. అప్పటికి బాబా కూడా వచ్చి నిలబడ్డాడు. మొదటిది లాగాడు. "పాతది, స్ప్రింగు అరిగింది." రెండోది. "గిది మంచిగుంది, నూనె ఎక్కువైంది." మూడోసారి ఖమరుద్దీన్ నవ్వు ఆపుకుంటూ మళ్ళీ మొదటిదాన్నే లాగాడు. లచ్చన్న గోడ వైపు చూస్తూనే, "మల్ల దాన్నే లాగినవ్ ఉస్తాద్, ఎందుకు పరేషాన్ చేస్తవ్" అన్నాడు.

ఖమరుద్దీన్ మంచివాడు. ఓడిపోయినందుకు తన స్క్రూడ్రైవర్ తీసి లచ్చన్న జేబులో పెట్టాడు. బాబా ఆ రోజు నుంచి అతన్ని వర్క్‌షాప్‌లోకి తీసుకున్నాడు. ఆ రాత్రికే పనివాళ్ళ రూముల్లో అతని పేరు చెవి లచ్చన్న అయిపోయింది.

నేను చదివింది మూడో తరగతి. తుపాకీ లోపలి సంగతి లచ్చన్న చెబితేనే తెలిసింది. ఆ రకం తుపాకీలో భుజానికి ఆనించే బట్ భాగంలో ఒక గొట్టం, గొట్టంలో ఒక పొడుగాటి స్ప్రింగు, దాని మొనకు బఫర్ అని ఒక ఇనుప దిమ్మ ఉంటాయట. కాల్చగానే లోపలి సామాను వెనక్కి దూసుకొచ్చి ఆ దిమ్మను గుద్దుతుంది. స్ప్రింగు నలిగి, మళ్ళీ ముందుకు తోస్తుంది. కాల్చేవాళ్ళు చెంప సరిగ్గా ఆ గొట్టం మీదే పెడతారు కాబట్టి, స్ప్రింగు గొట్టానికి రాసుకుంటే ఆ మోత ఎముకలోంచి చెవిలోకి పోతుంది. దిమ్మ మరీ తేలికైతే భుజాన్ని తంతుంది. మరీ బరువైతే వెనక్కి పూర్తిగా పోక తర్వాతి గుండు ఎక్కదు. మోత తగ్గాలి, తన్ను తగ్గాలి, గుండు మాత్రం ఆగకూడదు. ఈ మూడూ కుదిర్చేది లచ్చన్న. మా నాయనమ్మ చారు మరిగే చప్పుడు విని ఉప్పు చాలలేదనేది. నాకు లచ్చన్న అట్లాంటి వాడనిపించేది, గొప్పగా ఉండేది. మనవాడు కదా.

ఇక రెండో సంగతి.

లచ్చన్న వర్క్‌షాప్‌లో చేరిన కొత్తలోనే బాబా పనివాళ్ళందరికీ చెవులకు పెట్టుకునేవి తెప్పించాడు. నల్లటివి, రెండు వైపులా రెండు గిన్నెల్లాంటివి, నెత్తి మీదుగా ఒక బద్ద. లచ్చన్న అవి పెట్టుకుని కాల్పుల వరస నుంచి వస్తున్నాడు. నేను ఫ్లాస్కు పట్టుకుని ఎదురుపడ్డాను. నా నోరు ఊరుకోదు.

"ఏమి లచ్చన్నా, వంటింట్లో రెండు గిన్నెలు కనపడలేదని పొద్దున్నుంచి ఎతుకుతా ఉండాను. నువ్వు తగిలించుకోని తిరగతా ఉండావా?"

అక్కడున్న డ్రైవర్లూ, గోడకు రంగులేసే వాళ్ళూ పగలబడి నవ్వారు. నవ్వితే నాకు ఇంకా ఊపు వస్తుంది.

"చెవి లచ్చన్నని పేరు పెట్టుకోని చెవులు మూసుకుంటే ఎట్లప్పా. ఆ పేరు ఇంకెవురికన్నా ఇచ్చేయి."

లచ్చన్న కూడా నవ్వాడు. నవ్వుతూనే వాటిని తీసి వర్క్‌షాప్ తలుపు వెనక మేకుకు తగిలించాడు. నాకు తెలిసి మళ్ళీ అవి ఆ మేకు దిగలేదు. ఎవరైనా అడిగితే, "చెవులు మూసుకుంటే స్ప్రింగు ఎట్ల ఇనవడ్తది" అనేవాడు. కాల్చేవాళ్ళ పక్కనే, తుపాకీకి మూరెడు దూరంలో, ఉత్త చెవులతో వంగి వినేవాడు. ఖమరుద్దీన్ ఎన్నోసార్లు తిట్టాడు. ఒకసారి నేను ఖమరుద్దీన్‌తోనే, "ఆయప్ప చెవులు నీ చెవులు కాదులే" అన్నాను. మెచ్చుకున్నాననే అనుకున్నాను.

పదకొండేళ్ళు. నాకు కనపడలేదని చెప్పను, కనపడింది. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు, పొగరెక్కిందనుకున్నాను. ఫోనులో అరిచి మాట్లాడేవాడు, ఊరి లైను బాగాలేదనుకున్నాను. నేను మాట్లాడుతుంటే కళ్ళార్పకుండా నా నోటి వైపే చూసేవాడు. నా మాటకు అంత విలువ ఇస్తున్నాడని పొంగిపోయాను. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ అట్లాగే అనుకున్నాను.

ఈ ఏడు చలికాలంలో బాబా కూతురు అజీజా పోటీకి పేరిచ్చింది. అల్ ఖౌద్‌లో యూనివర్సిటీ చదువు పూర్తిచేసి వచ్చిన పిల్ల. చిన్నప్పుడు నా చేతి ముద్దలు తిన్నది. దాని తుపాకీ కాల్చిన ప్రతిసారీ చెంప దగ్గర మోత, భుజం మీద తన్ను. మోత వస్తుందని ముందే కన్ను మూసుకుపోతోందని, గురి అందుకే పోతోందని చెప్పింది. బాబా మూడు రకాల స్ప్రింగులు తెప్పించాడు. ఒకటి మామూలు గుండ్రటి తీగది, బరువు దిమ్మతో వచ్చింది. రెండోది చదును తీగతో అల్లినది. మూడోది ఒక కడ్డీకి గుచ్చి ఉన్న స్ప్రింగు, దానికి దిమ్మలు రెండు, ఒకటి బరువు, ఒకటి మధ్యరకం. ఏది పెట్టాలో లచ్చన్న తేల్చాలి.

అంతకు నెల ముందే మస్కట్‌లోని ఒక వర్క్‌షాప్ వాళ్ళు క్లబ్బు తుపాకులన్నీ మేం చూసుకుంటామని బాబా వెంట పడ్డారు. బాబా మొహమాటం లేని మనిషి. గురువారం లోపల అజీజా తుపాకీ కుదిరితే పని ఇక్కడే ఉంటుంది, కుదరకపోతే మస్కట్ వాళ్ళకు ఇచ్చేస్తాను అన్నాడు. ఖమరుద్దీన్‌కు పని పోయినా ఆఫీసులో కుర్చీ ఉంది. లచ్చన్నకు షినాస్‌లో బాబా తమ్ముడి బిల్డింగు సైటే దిక్కు. అంటే మళ్ళీ ఎండలో సెంట్రింగు పని. యాభై రెండేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగినవి. అక్కడికి పోతే ఏడాది నిలబడడని మాకందరికీ తెలుసు, అతనికి ఇంకా బాగా తెలుసు.

మంగళవారం మధ్యాహ్నం లచ్చన్న తేల్చేశానన్నాడు. ఎర్రజెండా ఎగిరింది, అజీజా ఇరవై సార్లు కాల్చింది, జెండా దిగింది. నేను కహ్వా పట్టుకుని వెళ్ళాను. బాబా, ఖమరుద్దీన్, ఇద్దరు డ్రైవర్లు ఉన్నారు. అజీజా తుపాకీ ఖాళీ చేసి, పిడి ఒకసారి లాగి వదిలింది. పది అడుగుల దూరంలో ఉన్న నాకు వినపడింది, తుప్పు పట్టిన స్ప్రింగుల మంచం మీద ఎవరో దూకినట్టు ఝుంయ్యని.

"తన్ను తగ్గింది లచ్చా, కానీ మోత పాతదానికంటే ఎక్కువైంది" అంది అజీజా. లచ్చన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వేరే వైపు చూస్తున్నాడు. ఆ మాటకు తల ఊపి, హిందీలో, మూగది మేడమ్, పూర్తిగా మూగది అన్నాడు.

నేను ఊరుకుని ఉండవలసింది. గ్లాసులు పెట్టి వచ్చేయవలసింది.

"ఏమి లచ్చన్నా, ఊరంతా వినపడతాంటే నీకు వినపడలేదా? చెవులు యాడ పెట్టి మర్చిపోయినావు?"

అతను తిరగలేదు. నేను అతని వెనక ఉన్నాను. డ్రైవర్లు నా వైపు చూసి అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. నాకు ఊపు వచ్చింది.

"లచ్చన్నా, నీ ప్యాంటు మీద తేలు పాకతా ఉండాది. మోకాలు దాటింది సూడు."

ఇక్కడ తేళ్ళు మామూలే. రాళ్ళ కింద, బూట్లలో, ఎక్కడైనా ఉంటాయి. ఆ మాట వింటే ఎవడైనా ఎగిరి గంతేస్తాడు. లచ్చన్న చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఒక్కొక్క వేలూ విడివిడిగా, శ్రద్ధగా. డ్రైవర్లు ఇంకా నవ్వారు. అందరూ నవ్వుతుండడం చూసి, ఏదో మంచి మాటే అయి ఉంటుందని, లచ్చన్న కూడా నవ్వాడు.

అప్పుడు నవ్వు ఆగిపోయింది. మొదట ఖమరుద్దీన్‌ది ఆగింది. తర్వాత డ్రైవర్లది. చివరికి లచ్చన్న ఒక్కడే నవ్వుతూ ఉన్నాడు. అందరి మొహాలూ చూసి, మెల్లగా అతనూ ఆపేశాడు. బాబా ఏమిటని అడిగితే ఖమరుద్దీన్ నేల చూస్తూ అరబ్బీలో రెండు మాటలు చెప్పాడు. అజీజా నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆ పిల్ల నన్ను అట్లా ఎన్నడూ చూడలేదు.

"గురువారం దాకా టైముంది" అన్నాడు బాబా, వెళ్ళిపోతూ.

ఆ సాయంత్రం జొన్నరొట్టెలు చేసి, పచ్చికారం నూరి, వర్క్‌షాప్‌కు పట్టుకుపోయాను. లచ్చన్న స్టూలు మీద కూర్చుని మూడు స్ప్రింగులూ ముందు పెట్టుకుని చూస్తున్నాడు. ఎదురుగా పోయి నిలబడ్డాను, నోరు కనపడేట్టు.

"తప్పయింది నాది" అన్నాను. పుట్టి ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరితోనూ అన్న గుర్తు లేదు. కట్టుకున్నవాడితో కూడా అనలేదు.

"ఏం తప్పక్కా. ఉన్నదే అన్నవు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగైదేండ్లాయె. మొదలు గంటలు కొట్టినట్టు ఇనవడేది, రాత్రిపగలు. తర్వాత గదీ పోయింది. కుడిది మొత్తం పోయింది. ఎడమది జరంత ఉన్నది."

"మరి స్ప్రింగులు ఎట్ల కుదిరిస్తాంటివి?"

"చేత్తోని. చెయ్యి పెడితే వణుకు తెలుస్తది. పాతయి అన్నీ ఎర్కున్నయే గదా. ఈ మూడు కొత్తయి." కడ్డీకి గుచ్చిన స్ప్రింగును వేళ్ళ మధ్య తిప్పాడు. "మూడూ మూగగనే ఉన్నయక్కా నాకు. ఏది నిజంగ మూగదో ఎట్ల ఎర్కైతది. తన్ను తక్కువున్నదాన్ని చూసి ఏసిన."

రొట్టె తుంచి, తినకుండా పట్టుకున్నాడు.

"మొన్న చిన్నవ్వ ఫోన్ చేసింది" అన్నాడు. చిన్నవ్వ అతని భార్య. "ఏమన్నదో తెల్వలే. ఎప్పుడు చేసినా నేను మంచిగున్న, మంచిగున్న అంట, పెట్టేస్త. గా రోజు గట్లనే అన్న. తర్వాత మా అల్లుడు మెసేజ్ పెట్టిండు. చిన్నవ్వ వాళ్ళ నాయిన సచ్చిపోయిండని చెప్పిందట. నేను మంచిగున్న అన్న."

తలుపు వెనక మేకుకు ఆ నల్లటి గిన్నెలు అట్లాగే వేలాడుతున్నాయి. పదకొండేళ్ళ దుమ్ము. వాటి వైపు చూడకుండా ఉండడానికి రొట్టెల గుడ్డ మడతపెట్టాను, విప్పాను, మళ్ళీ మడతపెట్టాను.

చివరికి నేనే అన్నాను. "నా చెవులు బాగుండాయి. పైగదిలో కుళాయి కారినా కింద వంటింట్లో నాకు తెలుస్తాది. రేపు నేను వచ్చి వినేదా?"

లచ్చన్న చేతిలోని రొట్టె ముక్క కింద పెట్టాడు. తర్వాత సరేనన్నాడు. "కాని నువ్వు మాట్లాడొద్దు. నీ పెదాలు చూస్కుంట కూసుంటే చేతి మీద ధ్యాస ఉండది. వేళ్ళు చూపియ్యి. మోత లేకుంటే ఒకటి, జరంత ఉంటే రెండు, ఎక్కువుంటే మూడు."

బుధవారం పొద్దున ఆరింటికి వెళ్ళాను. ఖమరుద్దీన్ కూడా వచ్చి మూల నిలబడ్డాడు. లచ్చన్న తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, బల్ల మీద పెట్టి, ఎడమ అరచేయి గొట్టం మీద ఆనించి, కళ్ళు మూసుకుని పిడి లాగి వదిలాడు. కళ్ళు తెరిచి నన్ను చూశాడు. గుండ్రటి తీగది, మూడు వేళ్ళు చూపించాను. చదునుదానికి రెండు. అది ఝుంయ్యనదు, ఇసుకలో చెప్పులు ఈడ్చినట్టు ఉంటుంది. కడ్డీదానికి వినడానికి ఏమీ లేదు, పెట్టె మూత వేసినట్టు టప్పున ఒక చప్పుడు. ఒక వేలు.

లచ్చన్న ఆ వేలును చూసి, మళ్ళీ లాగాడు. మళ్ళీ ఒకటి. ఖమరుద్దీన్ వచ్చి తనూ ఒకసారి లాగి, తల ఊపాడు.

ఇక దిమ్మ సంగతి. కడ్డీ స్ప్రింగుకు ముందు బరువుది వేసి, జెండా ఎత్తించి, ఖమరుద్దీన్ చేత కాల్పించి, తను భుజం పక్కన చెయ్యి పెట్టి చూశాడు. నేను వర్క్‌షాప్ లోపల తలుపు మూసుకుని కిటికీ అద్దంలోంచి చూస్తున్నాను. భుజం కదలనే లేదు కానీ మూడో గుండు ఎక్కలేదు. మధ్యరకం దిమ్మ వేశాడు. ఖమరుద్దీన్ పది కాల్చాడు, పదీ పోయాయి. తన్ను బరువుదానికంటే కొంచెం ఎక్కువ, పాతదానికంటే బాగా తక్కువ అని, భుజం మీద చెయ్యి వేసి నాకు సైగ చేశాడు లచ్చన్న. అంతసేపూ అతను ఉత్త చెవులతోనే ఉన్నాడు.

గురువారం బాబా, అజీజా వచ్చారు. నేను అద్దం వెనకే ఉన్నాను. అజీజా ఇరవై కాల్చింది. ముగిశాక తుపాకీ దింపి, ఒక చేత్తో చెంప తడుముకుంది, అక్కడ ఏదో ఉండాలి, లేదేమిటి అన్నట్టు. తర్వాత నవ్వింది. జెండా దిగాక నేను కహ్వా పట్టుకుని వెళ్ళాను.

"ఎవరు తేల్చారు ఇది?" అని అడిగాడు బాబా, లచ్చన్న ఎదురుగా నిలబడి, నిదానంగా.

అబద్ధం చెప్పి ఉంటే నేను కాదనేదాన్ని కాదు. ఖమరుద్దీన్ కూడా కాదనేవాడు కాదు. లచ్చన్న నా వైపు చేయి చూపించి తనకొచ్చిన హిందీలో చెప్పాడు, చెవి సుబ్బక్కది, చెయ్యి నాది అని. డ్రైవర్లు నవ్వలేదు.

బాబా ఖాళీ గ్లాసు నా పళ్ళెంలో పెట్టాడు. తుపాకులు మస్కట్ పోవు అన్నాడు. వచ్చే వారం ఆసుపత్రికి పోయి చెవులు చూపించుకోమన్నాడు. ఉన్న ఎడమ చెవినైనా మిగుల్చుకోవాలి కాబట్టి, ఇకపై ఉత్త చెవులతో కాల్పుల దగ్గర ఒక్కసారి కనపడినా మరుసటి రోజే షినాస్ బస్సు అన్నాడు. ఖమరుద్దీన్ ఆ మాటలు లచ్చన్న మొహం ముందర నిలబడి ఒక్కొక్కటే తెలుగులో చెప్పాడు.

అందరూ వెళ్ళాక నేను గ్లాసులు ఏరుకుంటున్నాను. లచ్చన్న వర్క్‌షాప్‌లోకి పోయి, తలుపు వెనక మేకు నుంచి ఆ నల్లటి గిన్నెలు తీసుకొచ్చాడు. గుడ్డతో తుడిచాడు. చాలా తుడవాల్సి వచ్చింది. పెట్టుకోబోయి ఆగాడు. గేటు దగ్గర డ్రైవర్లు నిలబడి బీడీలు కాలుస్తున్నారు. వాళ్ళ వైపు చూశాడు.

"పెట్టుకో" అన్నాను.

"పెట్టుకుంటక్కా. పెట్టుకోకుంటే నడ్వది." చేతిలోనే తిప్పుతున్నాడు. "గని గిప్పటిసంది గిది చూసినోడల్ల నా చెవులు పోయినయనే అనుకుంటరు. ముందుగాల పెట్టుకుంటె నవ్విండ్రు. గిప్పుడు నవ్వరు. గదే కష్టం."

గ్లాసులు పళ్ళెంలో ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తుంటే పట్టుకుని ఆపాను.

అతను నల్లటి గిన్నెలు నా చేతికిచ్చాడు. "శనివారం మల్ల కాల్పులున్నయి. నువ్వు జెండా దిగేదాక గేటు కాడ ఆగకు. బాబాతోని నేను చెప్త. జెండా ఎగిరినంక, కాల్పులు మొదలుగాకముందే, కహ్వా పళ్ళెం పట్టుకోని, గివి నెత్తికి పెట్టుకోని, అందరి ముందలికెళ్ళి నడుసుకుంట నా కాడికి రా. డ్రైవర్లు నవ్వుతరు, నవ్వనియ్యి, జాలి కన్న నవ్వే నయం. నువ్వు వాళ్ళను ఏమనకు. నా పక్కపొంటి నిలవడి, గవి తీసి నా నెత్తికి నువ్వే పెట్టు. పెట్టినంక నువ్వు లోపటికి పో, తలుపేసుకో. గంతే అక్కా. గదొక్కటి చెయ్యి."